సైకిల్ మీద గోదావరి డెల్టా: కాలువ గట్టు ఎక్కేముందు జాగ్రత్తలు

సార్వా (ఖరీఫ్ వరి) కోతలు ముగింపుకొచ్చి తెల్లవారుజామున మంచు పట్టడం మొదలైందంటే గోదావరి జిల్లాల కాలువ గట్ల మీద రోడ్డు సైకిళ్ళు కనిపిస్తాయి. హైదరాబాదు నుంచి, విశాఖ నుంచి జట్లు జట్లుగా వస్తున్నారు. రావాలి కూడా. ధవళేశ్వరంలో బయలుదేరితే చెప్పుకోదగ్గ ఎత్తు ఒక్కటీ ఎక్కకుండా సముద్రం దాకా వెళ్ళొచ్చు. దారి పొడవునా లాకులు, కొబ్బరి తోటలు, చాళుక్యుల కాలం నాటి గుళ్ళు. అయితే ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు తీసుకునే జాగ్రత్తలో సగం కూడా చాలామంది ఇక్కడ తీసుకోవడం లేదు. చదునుగా ఉంది కదా, ఏముంటుందిలే అనుకుంటారు. నా భయమంతా ఆ మాట గురించే. ఈ రోడ్లకు మార్జిన్ ఉండదు. అటు నీళ్ళు, ఇటు పల్లం. మధ్యలో ఉన్న తారు మీదే మీరు, లారీ, ట్రాక్టరు, గేదెలు అందరూ సర్దుకోవాలి.

ఆ రోడ్డు ఎలా ఏర్పడిందో తెలిస్తే ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో అర్థమవుతుంది. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. ఇప్పుడు మనం దాటే బ్యారేజీ 1982లో అందుబాటులోకి వచ్చింది. ఆనకట్ట నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు తవ్వినప్పుడు వాటిని నేల ఎత్తుగా ఉన్న చోట్ల నుంచి తీసుకెళ్ళారు. అలా అయితేనే నీరు రెండు పక్కల పొలాలకూ దానంతటదే పారుతుంది. తవ్విన మట్టిని ఒడ్డున పోస్తే గట్టు అయింది. ఆ గట్టు మీద నుంచి మనుషులు తాళ్ళతో పడవలు లాగేవారు. తర్వాత దాని మీదే కంకర, ఆ తర్వాత తారు పడింది. అంటే పడవలు లాగే కాలిబాటకు సరిపోయిన వెడల్పులో ఇవాళ ధాన్యం లారీలు తిరుగుతున్నాయి. మలుపులు కూడా కాలువ వంపును బట్టి వచ్చినవే, బండ్ల వేగాన్ని బట్టి వేసినవి కావు. చాలాచోట్ల పిట్టగోడ ఉండదు. ఉన్నచోట కూడా మోకాలెత్తు మించదు. కార్లు అదుపు తప్పి కాలువలో పడ్డాయన్న వార్త ఈ జిల్లాల్లో ఏటా వినబడుతూనే ఉంటుంది.

కాబట్టి మొదటి జాగ్రత్త ఇంటి దగ్గర రూటు గీసుకునేటప్పుడే మొదలవుతుంది. మనం ఎడమ పక్కన వెళ్తాం గనక, కాలువ కుడి చేతి వైపు ఉండేలా దారి ఎంచుకుంటే మీకూ నీళ్ళకూ మధ్య రోడ్డంతా ఉంటుంది. చాలా కాలువలకు రెండు గట్ల మీదా దారి ఉంటుంది. ఏ గట్టు మీద వెళ్ళి ఏ గట్టు మీద తిరిగి రావాలన్నది ముందే చూసుకోండి. కాలువ ఎడమ పక్కకు రాక తప్పనిచోట అంచుకు కనీసం ఒక మీటరు దూరం వదిలి తొక్కండి. వెనక బండి హారన్ కొట్టిందని అంచుకు జరగొద్దు. తారు అంచు పక్కన మట్టి కోసుకుపోయి బెత్తెడు లోతు దిగి ఉంటుంది. సన్న టైరు ఒకసారి అందులోకి దిగితే మళ్ళీ పైకి ఎక్కదు, మనిషి కాలువ వైపే పడతాడు. ఎదురుగా లారీ, దాని వెనక ఓవర్‌టేక్ చేస్తూ బస్సు కనిపిస్తే అవి మీ దగ్గరికి వచ్చేదాకా చూడకుండా ముందే ఊరి మొగలోనో తూము దగ్గర వెడల్పులోనో సైకిల్ దిగి నిలబడండి. అలా దిగితే పరువేమీ పోదు.

బూటుకు పెడల్ బిగుసుకునే క్లీట్లు వాడేవాళ్ళకు ఒక మాట. నేను కాలువ గట్ల మీద మామూలు పెడల్సే వాడమంటాను. ఇక్కడ ప్రతి ఊళ్ళోనూ ఆగాలి, ప్రతి లాకు దగ్గరా దిగాలి. కాలు ఊడిరాక పక్కకు పడితే మామూలు రోడ్డు మీద మోచెయ్యి గీసుకుంటుంది. ఇక్కడ అలా పడటం పది అడుగుల కిందికి, బిగుసుకున్న సైకిల్‌తో సహా.

మంచు గురించి

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా డెల్టాలో మంచు కొండల్లో పట్టినట్టు పట్టదు. రాత్రి గాలి నిలిచిపోయి నేల చల్లబడితే కాలువలు, చేపల చెరువులు, తడి పొలాల మీది తేమంతా నేలను అంటుకుని తెల్లగా పేరుకుంటుంది. మెయిన్ రోడ్డు మీద దారి బాగానే కనిపిస్తూ, గట్టు మీదికి తిరగగానే ఒక్కసారిగా ఏమీ కనిపించకుండా పోవచ్చు. నేను పాటించే గుర్తు ఒకటుంది: రోడ్డు పక్క కరెంటు స్తంభాల్లో ముందున్న రెండోది కనబడకపోతే ఆగిపోవాలి. టీ కొట్టు దగ్గర కూర్చుంటే మామూలుగా ఎనిమిదిన్నరకల్లా విడిపోతుంది. జనవరిలో తెల్లారేదే ఆరున్నర దాటాక. నాలుగున్నరకు బయలుదేరి చల్లగా వంద కిలోమీటర్లు కొట్టేద్దామన్న ప్లాను ఎండాకాలంలో బాగుంటుంది గానీ మంచు కాలంలో వద్దు. వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు పగలు కూడా వెలుగుతూనే ఉండాలి. తెల్ల జెర్సీ, బూడిద రంగు జెర్సీ మంచులో కలిసిపోతాయి. నారింజ రంగు గానీ మెరిసే పసుపు గానీ వేసుకోండి.

సాయంత్రం విషయంలో ఇంకా గట్టిగా చెబుతాను. దీపాలు పెట్టే వేళకు గట్టు దిగిపోవాలి. గడ్డి వేసుకుని వెళ్ళే ట్రాక్టరు ట్రక్కుకు వెనక లైటు ఉండదు, రేడియం స్టిక్కరు ఉంటే అది గడ్డి చాటున ఉంటుంది. గడ్డి మోపులు రెండు పక్కలా రోడ్డంతా పరుచుకుని వస్తాయి. ఎదురు బండి హెడ్‌లైటు కళ్ళల్లో పడిన ఆ రెండు క్షణాలు కాలువ అంచు ఎక్కడుందో మీకు తెలియదు.

పంట పనులు రోడ్డు మీదికి వచ్చే కాలం

నవంబరు, డిసెంబరు నెలల్లో సార్వా ధాన్యం, మళ్ళీ ఏప్రిల్ ప్రాంతంలో దాళ్వా (రబీ వరి) ధాన్యం రోడ్ల మీదే ఆరుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. అందరికీ కళ్ళాలు లేవు. తారు రోడ్డు త్వరగా ఆరబెడుతుంది. అందుకే సగం రోడ్డు మీద బరకాలు పరిచి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్ళూ కొబ్బరి మట్టలూ పెడతారు. రైతు మీద విసుక్కోవద్దు, అది అతని ఆరు నెలల కష్టం. గింజల మీద సన్న టైరు నిలవదు. బ్రేకు వేసినా హ్యాండిల్ తిప్పినా జారుతుంది. ధాన్యం కనిపించగానే వేగం తగ్గించి ఖాళీగా ఉన్న సగంలోంచి వెళ్ళండి. ఎదురు బండి వస్తుంటే ధాన్యం మొదలయ్యేచోటే ఆగి దాన్ని వెళ్ళనివ్వండి. ధాన్యం ఎత్తేశాక రాళ్ళు అక్కడే వదిలేసి వెళ్ళడం కూడా ఉంది. మంచులో ఆ రాళ్ళు అసలు కనబడవు.

సార్వా కోత అవుతుండగానే దాళ్వా నాట్ల కోసం పొలాన్ని బురదగా దున్నే దమ్ము మొదలవుతుంది. దమ్ము చేసిన ట్రాక్టరు ఇనుప చక్రాలతో రోడ్డెక్కిందంటే దాని వెంట ఒండ్రుమట్టి ముద్దలు ముద్దలుగా రాలతాయి. తడిగా ఉన్నప్పుడు అది సబ్బులా జారుతుంది. ఎండితే గట్టిపడి చక్రాన్ని ఎత్తేస్తుంది. పొలంలోంచి రోడ్డెక్కే బాటలు కలిసేచోట ఈ మట్టి ఎక్కువగా ఉంటుంది, అక్కడ వంగి మలుపు తిరగొద్దు. వరికోత యంత్రాన్ని ఎక్కించుకుని వచ్చే లారీకి దారంతా ఇచ్చేయండి. అనపర్తి, మండపేట చుట్టుపక్కల మిల్లు లారీలు ఎక్కువ. రాజమండ్రి నుంచి కడియం, ద్వారపూడి, బిక్కవోలు మీదుగా సామర్లకోట వెళ్ళే కెనాల్ రోడ్డు పేరు విని ప్రశాంతంగా ఉంటుందనుకోకండి. ఆదివారం పొద్దున్న మాత్రం కాస్త తెరిపిస్తుంది.

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు సంగతి వేరు. అక్కడ పొలాల కంటే చెరువులు ఎక్కువ. చేపలు, రొయ్యలు, ఐసు వేసుకుని వెళ్ళే వ్యాన్ల నుంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి, ఆ రోడ్డు ఎండలో కూడా తడిగా ఉంటుంది. చెరువు గట్ల మీది అడ్డదారులు మ్యాపులో రోడ్డులాగా కనిపించినా నిజానికి అవి రైతులు సొంతంగా వేసుకున్న మట్టి గట్లు. వాటిలోకి వెళ్ళకండి. ఇసుక ర్యాంపుల దగ్గరైతే తారు మీద ఇసుక పొర ఉంటుంది. బ్రేకు వేస్తే వెనక చక్రం పక్కకు కొట్టుకుపోతుంది.

కోనసీమలో తలెత్తి చూడాల్సిన ప్రమాదం ఒకటుంది. కొబ్బరి దింపు జరిగే తోట రోడ్డు వారనే ఉంటే, చెట్టు మీది మనిషికి కింద ఎవరు వెళ్తున్నదీ కనబడదు. రోడ్డు మీద కాయల కుప్పలు, ఆగి ఉన్న ట్రక్కు కనిపిస్తే కేకేసి, అటునుంచి సమాధానం వచ్చాక దాటండి. గాలి వేసే రోజున ఎండు మట్టలు కూడా రాలతాయి. హెల్మెట్ పెట్టుకోమని వేరే చెప్పాలా?

గాలి, దాహం, నడుము

చదును నేల మీద ఎక్కుడు లేదు కాబట్టి దిగుడూ లేదు. కాళ్ళు ఆగే క్షణం ఉండదు. కూర్చున్న తీరు మారదు. అరచేతులు తిమ్మిరెక్కుతాయి, నడుము పట్టేస్తుంది. కొండ దారుల్లో అలవాటున్న వాళ్ళకే ఈ ఇబ్బంది ఎక్కువ రావడం చూశాను. ఇరవై, ఇరవై ఐదు కిలోమీటర్లకోసారి కచ్చితంగా దిగి నాలుగడుగులు నడవండి. చల్లగా ఉంది కదా అని నీళ్ళు తాగడం మానొద్దు. తొక్కేటప్పుడు చల్లగాలి తగులుతుంటే చెమట పట్టినట్టు తెలియదు, మధ్యాహ్నానికి పిక్కలు పట్టేస్తాయి. కొబ్బరిబొండం ఎక్కడైనా దొరుకుతుంది, దానితో పాటు కాస్త ఉప్పు కూడా లోపలికి వెళ్ళాలి. కాలువ నీళ్ళు మాత్రం పుక్కిలించడానికి కూడా వద్దు.

అసలు పరీక్ష గాలి దగ్గర ఉంటుంది. ఎండ ఎక్కాక మధ్యాహ్నం సముద్రం మీద నుంచి లోపలికి గాలి తిరుగుతుంది, దాన్ని ఆపడానికి డెల్టాలో గుట్ట కూడా లేదు. అందుకని పొద్దున్న సముద్రం వైపు, మధ్యాహ్నం ధవళేశ్వరం వైపు తొక్కేలా పెట్టుకోండి. అంతర్వేది నుంచి ఇంటికి తిరిగేటప్పుడు ఆ గాలి వీపుకు తగులుతుంటే ఎంత హాయో మీకే తెలుస్తుంది. అదే దారి తలకిందులుగా వేసుకుంటే చివరి ముప్పై కిలోమీటర్లకే ఓపికంతా అయిపోతుంది. ఓపిక అయిపోయిన మనిషి చూపు రోడ్డు మీద నిలవదు. గట్టు మీద అది చాలు ప్రమాదానికి.

గుళ్ళు, రేవులు, పాత కట్టడాలు

పంచారామాల్లో అమరావతి ఒక్కటి కృష్ణ ఒడ్డున ఉంది. మిగతా నాలుగూ, అంటే సామర్లకోట, ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం ఈ డెల్టాలోనే ఉన్నాయి. సైకిల్ మీద ఈ నాలుగూ చూడాలని చాలామందికి కోరిక. తప్పక చూడండి, కానీ కార్తీక మాసంలో వద్దు. ఒక్కరోజులో ఐదు క్షేత్రాలూ తిప్పే బస్సులు శని, ఆది, సోమవారాల్లో రాత్రింబవళ్ళు పరుగెడతాయి, నిద్రలేని డ్రైవర్లతో. సంక్రాంతికి వారం ముందు నుంచి కనుమ దాటిన రెండు రోజుల దాకా కూడా వద్దు. ఊళ్ళకు వచ్చే కార్లు, పందేల బరుల దగ్గర జనం, తాగి నడిపేవాళ్ళు. జనవరి మూడోవారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా నా దృష్టిలో మంచి కాలం.

నాలుగూ ఒక్కరోజులో ముగించాలన్న పట్టుదల కూడా మానుకోండి. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో రెండంతస్తుల గర్భగుడి, ప్రాకారం మీది శాసనాలు చూడాలంటేనే గంటన్నర కావాలి. బిక్కవోలులో తూర్పు చాళుక్యుల కాలపు గుళ్ళు కొన్ని పొలాల మధ్యలో ఉన్నాయి. అక్కడికి గట్ల మీదుగా సైకిల్ నడిపించుకునే వెళ్ళాలి, కాలు పెట్టేచోటు చూసుకుని. సైకిల్‌ను ఏ పాత గోడకూ, స్తంభానికీ ఆనించకండి. పెడల్ గీసిన గీత వెయ్యేళ్ళ రాతి మీద అలాగే ఉండిపోతుంది. మధ్యాహ్నం గుళ్ళు మూసేస్తారు. ఆ వేళలోపు చేరాలన్న తొందరలో మలుపుల దగ్గర వేగం పెంచేవాళ్ళను చూస్తుంటాను. మూసి ఉంటే అన్నం తిని కాసేపు పడుకోండి, సాయంత్రం తెరుస్తారు. ఆ రాత్రికి ఆ ఊళ్ళోనే ఉండిపోవచ్చు.

కోటిపల్లి–ముక్తేశ్వరం రేవు, నరసాపురం–సఖినేటిపల్లి రేవు దాటేటప్పుడు పంటు (బండ్లను దాటించే పెద్ద పడవ) ఎక్కే వాలు బురదగా ఉంటుంది. సైకిల్ దిగి రెండు బ్రేకులూ పట్టుకుని నడిపించండి. పంటు మీద అంచున నిలబడొద్దు, కార్ల మధ్య ఇరుక్కోవద్దు. ఆఖరి పంటు ఎన్నింటికో పొద్దున్నే ఫోన్‌లో గానీ అవతలి ఒడ్డున గానీ కనుక్కోండి. సఖినేటిపల్లిలో అది తప్పిపోతే చించినాడ వంతెన మీదుగా, కోటిపల్లిలో తప్పిపోతే యానాం–ఎదుర్లంక వంతెన మీదుగా చుట్టు తిరగాలి, అదీ చీకట్లో 216 జాతీయ రహదారి లారీల మధ్య. అలా తిరగడం కంటే ఒడ్డునే ఎక్కడైనా ఆగిపోవడం నయం.

పి.గన్నవరం అక్విడక్టు దగ్గర అందరూ ఫోటోల కోసం ఆగుతారు. గోదావరి పాయ మీదుగా కాలువ పారడం చూడదగ్గదే. పిట్టగోడ ఎక్కి కూర్చోకుండా చూడండి, సైకిల్ రోడ్డు మీద అడ్డంగా పెట్టకండి. కాకినాడ–కోటిపల్లి, భీమవరం–నరసాపురం లైన్ల గేట్ల దగ్గర పట్టాలను ఏటవాలుగా దాటితే సన్న టైరు సందులో ఇరుక్కుంటుంది. పట్టాలకు అడ్డంగా, సూటిగా దాటండి, లేదా దిగండి.

జులై నుంచి సెప్టెంబరు దాకా లంకల (నదిలోని దీవుల) వైపు అసలు వెళ్ళొద్దు. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు చేరితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. మొదటి హెచ్చరిక నాటికే లోతట్టు కాజ్‌వేల మీద నీళ్ళు నడుస్తాయి.

సంచిలో ఏముండాలి

ఇక్కడి సైకిల్ షాపుల్లో దొరికేవి పాతరకం వాల్వు ట్యూబులు, 26, 28 అంగుళాల సైజులవి. రోడ్డు సైకిల్ ట్యూబు రాజమండ్రి, కాకినాడ దాటితే ఆశ పెట్టుకోవద్దు. రెండు ట్యూబులు, ప్యాచీలు, పంపు, సన్న వాల్వుకు పెట్టే అడాప్టరు మీ దగ్గరే ఉండాలి. గట్ల వెంబడి తుమ్మముళ్ళు ఎక్కువ. 28 గానీ 32 గానీ మిల్లీమీటర్ల టైరు వేసుకుంటే ముళ్ళకూ, గుంతలకూ, జారుడుకూ అన్నిటికీ మంచిది. బోల్టు కట్టరు లాంటి బరువులు మోయొద్దు గానీ పది మీటర్ల నైలాన్ తాడు మాత్రం జట్టులో ఒకరి దగ్గరైనా ఉండి తీరాలి. ఎందుకో కింద చెబుతాను.

కోతలప్పుడు ఎలుకల వెంట పాములు గట్టెక్కుతాయి, పొద్దెక్కాక వెచ్చదనానికి తారు మీదికి వస్తాయి. రోడ్డు దిగి గడ్డిలోకి వెళ్ళకండి, మూత్రానికైనా సరే. కాటు పడితే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం ఏదీ చేయొద్దు. కాలు కదలకుండా ఉంచి అమలాపురం, రామచంద్రపురం, కాకినాడల్లో ఏది దగ్గరైతే ఆ పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చండి, మంత్రగాడి దగ్గరికి కాదు. కుక్క వెంటపడితే వేగం పెంచకుండా దిగి సైకిల్‌ను మధ్యలో అడ్డంగా పెట్టుకోండి. కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే టీకా వేయించుకోవాలి.

ఎవరైనా కాలువలో పడితే

ఈత వచ్చినవాడికి కూడా ఇక్కడ ధైర్యం వద్దు. పైకి నెమ్మదిగా పారుతున్నట్టు కనిపించినా లాకుల దగ్గర, తూముల దగ్గర నీరు లోపలికి లాగుతుంది. గుర్రపుడెక్క కాళ్ళకు చుట్టుకుంటుంది. గట్టు నిటారుగా, జారుడుగా ఉండటంతో ఒడ్డుకొచ్చినా పట్టు దొరకదు. స్నేహితుడు పడ్డాడని వెంటనే దూకకండి, ఇద్దరూ పోయిన సందర్భాలున్నాయి. గట్టు మీద బోర్లా పడుకుని తాడు వేయండి. తాడు లేకపోతే చీర, పంచె, వెదురు గెడ, కొబ్బరి మట్ట ఏదైనా అందించండి. గట్టిగా కేకలు వేయండి. డెల్టాలో కేక వినపడని చోటు తక్కువ, ఈత వచ్చిన మనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. సైకిల్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. పైకి తీశాక మనిషికి శ్వాస లేకపోతే నీళ్ళు కక్కించాలని పొట్ట నొక్కుతూ కూర్చోకుండా, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదుతూ ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. జట్టులో ఒక్కరైనా సీపీఆర్ నేర్చుకుని రావాలి.

ఈలోపు ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కాలువ గట్టు మీద చిరునామా అంటూ ఉండదు, అంబులెన్సు అవతలి గట్టు మీదికి వచ్చి నిలబడితే మళ్ళీ వంతెన వెతుక్కుంటూ తిరగాలి. అందుకని ప్రతి లాకు దగ్గరా, ప్రతి వంతెన దగ్గరా దాని పేరు, ఊరి పేరు చదువుకుంటూ వెళ్ళండి. ఫోన్‌లో నాలుగు సంగతులు చెప్పాలి: ఏ కాలువ, ఏ గట్టు, ఏ లాకు దాటారు, ఏ ఊరి వైపు వెళ్తున్నారు. అవి చెప్పడానికి మీకు నోరు రాకపోతే పక్కనున్న ఊరివాళ్ళకు ఫోన్ ఇచ్చేయండి, వాళ్ళు ఒక్క ముక్కలో చెప్పేస్తారు.